ట్యాంకులోకి ఎప్పుడొచ్చింది?

హైదరాబాద్‌లో మనం క్రాఫ్ట్ బీర్ తాగే తీరు నాకు బొత్తిగా అంతుపట్టదు. జూబ్లీహిల్స్‌కో గచ్చిబౌలికో వెళ్లి, సీసా బీరుకు రెండు మూడింతలు పెట్టి, చివరికి దాన్ని సీసా బీరు తాగినట్టే తాగుతాం. మగ్గు ఫ్రీజర్‌లోంచి పొగలు కక్కుతూ రావాలి. నురుగు కనపడితే గొడవ. మొదటి గుక్కకు పళ్లు జివ్వుమనాలి. ఆపైన "ఇందులో స్ట్రాంగ్ ఏది బాసూ?" అన్న ప్రశ్న. ఇదే కావాలనుకుంటే వైన్స్‌లో 650 ఎంఎల్ సీసా ఉండనే ఉంది. అలా తాగడానికే దాన్ని తయారుచేశారు, ఆ పని అది బాగానే చేస్తుంది.

మరి మైక్రోబ్రూవరీలో, అంటే బీరును అక్కడికక్కడే తయారుచేసి పోసే బ్రూపబ్‌లో, అదనంగా ఇచ్చే డబ్బు దేనికి? నా లెక్కలో ఒక్కదానికే. బీరు తయారైన ట్యాంకుకీ మన గ్లాసుకీ మధ్య కొన్ని గజాల పైపు తప్ప ఏమీ లేదు. డిపో లేదు, ఎండలో ఆగిన డీసీఎం లేదు, షాపు వెనక గదిలో నెలల తరబడి నిలబడ్డ కేసు లేదు. బీరు వ్యాపారంలో 3-30-300 అని ఒక మోటు లెక్క చెప్తారు. 32 డిగ్రీల్లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు ఉంచితే బీరు రుచి ఇంచుమించు ఒకే మోతాదులో దెబ్బతింటుందని దాని అర్థం. ఇక మే నెలలో నల్గొండ రోడ్డు మీద పోతున్న లారీని ఊహించుకోండి. పాశ్చరైజ్ చేస్తే బీరు పులిసిపోకుండా ఉంటుందే గానీ ముసలితనం ఆగదు. ఆక్సిజన్ పని ఆక్సిజన్ చేస్తూనే ఉంటుంది, కొన్నాళ్లకు తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. సీసా బీరును మంచులా చల్లబరిచి తాగే అలవాటు వెనక ఇదీ ఒక కారణమని నా అనుమానం. అంత చల్లదనంలో ఏ వాసనా పైకి రాదు.

కల్లు విషయంలో ఈ సంగతి మనకెవరూ నేర్పక్కర్లేదు. పొద్దున దించిన ఈతకల్లు ఎలా ఉంటుందో, సాయంత్రానికి అదే కల్లు పులిసి నాలుకను ఎలా గుంజుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. ఎప్పుడు దించావని అడగనిదే లొట్టి మీద చెయ్యి వెయ్యరు. అదే మనిషి బ్రూపబ్‌లో కూర్చుని, ఏసీ గదిలో అడిగే అవకాశం ఉండి కూడా, అడగడు.

అడగాల్సింది ఒక్కటే: "ఈ బీరు సర్వింగ్ ట్యాంకులోకి ఎప్పుడొచ్చింది?" తయారైన బీరును ట్యాపుకి అందించే ట్యాంకు అది. వీట్ బీరుకు మూడు వారాల లోపు అంటే మంచి జవాబు. చేదెక్కువ ఉండే ఐపీఏకి (ఇండియా పేల్ ఏల్) నెల దాటితే హాప్స్ సువాసన సన్నగిల్లడం మొదలవుతుంది (హాప్స్ అంటే బీరుకు చేదూ వాసనా ఇచ్చే పూలు), చేదు మాత్రం మిగులుతుంది. నల్లగా ఉండే స్టౌట్ కాస్త ఓపిక గల బీరు, రెండు నెలలైనా నిలబడుతుంది. వెయిటర్‌కి తెలియకపోతే తప్పేం లేదు, లోపల అడిగి వచ్చి చెప్తే చాలు. అడగడానికి కూడా ఇష్టపడని చోట బాగా అమ్ముడుపోయే బీరే తీసుకోండి. 500 లీటర్ల ట్యాంకంటే వెయ్యి అరలీటరు గ్లాసులు. రోజుకు వంద పోయే బీరు పది రోజుల్లో ఖాళీ. రోజుకు పది పోయే బీరుకు మూడు నెలలు. పన్నెండు రకాలు వరసగా రాసిన మెనూ చూసి మురిసిపోయే ముందు ఈ భాగహారం చేసుకోవడం మంచిది. నాకైతే నాలుగు ట్యాపుల చోటు మీద నమ్మకం ఎక్కువ.

మన దేశంలో ఈ వ్యవహారం పాతదేమీ కాదు. పుణెలో డూలాలీ 2009లో మొదలైంది, బెంగళూరు ఇందిరానగర్‌లో టాయిట్ 2010లో వచ్చింది. హైదరాబాద్‌కి 2016 ప్రాంతంలో గానీ రాలేదు. ప్రోస్ట్, మన ఎస్టీడీ కోడ్‌ని పేరులో పెట్టుకున్న జీరో40 లాంటివి ఆ తొలి తరానివి. 2020 లాక్‌డౌన్‌లో దేశంలో చాలా బ్రూపబ్‌లు ట్యాంకుల కొద్దీ బీరును డ్రైనేజీలో పారబోశాయి. నిలవ ఉంచడానికి తయారుచేసిన సరుకు కాదని అంతకంటే రుజువేం కావాలి?

కొత్త చోటికి వెళ్తే మొదట హెఫెవైజెన్, అంటే జర్మన్ పద్ధతి వీట్ బీర్, తీసుకోమంటాను. ఎక్కువమంది తాగేది అదే కాబట్టి తాజాగా ఉంటుంది, పైగా బ్రూవర్ పనితనం అందులో తెలిసినంత ఇంకెందులోనూ తెలియదు. మామిడి, కాఫీ, చాక్లెట్ వేసిన బీర్లలో తప్పులు దాక్కోగలవు. హెఫెవైజెన్‌లో దాక్కునే చోటు లేదు. హాప్స్ నామమాత్రం, చేదు 10 నుంచి 15 ఐబీయూ (బీరు చేదును కొలిచే లెక్క) మించదు. రుచిలో సగానికి పైగా ఈస్ట్ పని.

తయారీ ఇలా ఉంటుంది. పిండిలో సగం కంటే ఎక్కువ గోధుమ మాల్ట్, మిగతాది బార్లీ మాల్ట్. మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజ. మరపట్టిన గింజను ముందు 43–45 డిగ్రీల నీళ్లలో పది పదిహేను నిమిషాలు ఉంచుతారు. ఆ వేడిలో ఫెరూలిక్ ఆమ్లం విడుదలవుతుంది, తర్వాత ఈస్ట్ దాన్నే లవంగం వాసనగా మారుస్తుంది. తొందరపడి నేరుగా 66 డిగ్రీల దగ్గర కలిపేస్తే లవంగం పలచబడుతుంది. ఆ తర్వాత 63–67 మధ్య గంటసేపు ఉంచితే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. గోధుమకు పొట్టు ఉండదు. వడకట్టేటప్పుడు ముద్దకట్టి నీళ్లు దిగవు. అందుకే వరి ఊకను శుభ్రంగా కడిగి కలుపుతారు. మన మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే ఊకే, అది రుచి ఇవ్వదు, దారి ఇస్తుంది. గంట నుంచి గంటన్నర కాచి, 18–20 డిగ్రీలకు చల్లార్చి ఈస్ట్ వేస్తారు. పులియడం నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. చల్లబరిచి, గ్యాస్ పట్టించి, పది పన్నెండు రోజుల నుంచి రెండు వారాల్లో గ్లాసులోకి వస్తుంది.

గ్లాసులో చూడాల్సింది అరటిపండు వాసనకూ లవంగం వాసనకూ పొత్తు కుదిరిందా అని. పులిసేటప్పుడు ట్యాంకు 22, 23 డిగ్రీలకు పోతే అరటిపండు పెరుగుతుంది, కొందరు కావాలనే అలా చేస్తారు. ఈస్ట్ తక్కువ వేసినా అంతే. అసలు ఇబ్బంది అంతకు మించితే వస్తుంది. పులియడంలోనే వేడి పుడుతుంది, ట్యాంకు చుట్టూ తిరిగే గ్లైకాల్ ద్రవం చల్లదనం చాలకపోతే మన ఎండాకాలంలో అది 26, 27 దాటిపోతుంది. అప్పుడు అరటిపండు కాస్తా నెయిల్ పాలిష్ అవుతుంది, గొంతులో సారాయి మంట తగులుతుంది. ఐదు శాతం బీరు ఎనిమిది శాతం బీరులా మండితే కిక్కు ఎక్కువని సంతోషించకండి. ఆ మంటకూ శాతానికీ సంబంధం లేదు.

దాని పక్కన మెనూలో ఉండే బెల్జియన్ విట్ కూడా వీట్ బీరే గానీ వేరే జాతి. ఇందులో మొలకెత్తించని గోధుమ, ఎండబెట్టిన నారింజ తొక్క, ధనియాలు పడతాయి. బెల్జియంలో హూగార్డెన్ అనే ఊళ్లో 1957లో ఆఖరి బ్రూవరీ మూతపడి ఈ బీరు అంతరించే దశకొచ్చింది. 1966లో పియెర్ సెలిస్ అనే పాలవాడు మళ్లీ మొదలుపెట్టకపోతే ఇవాళ ఈ పేరే ఉండేది కాదు. గుండ్రటి మొరాకో ధనియాల కంటే కోలగా ఉండే మన ధనియాల్లో పండు వాసన ఎక్కువని చాలామంది బ్రూవర్ల మాట. లీటరుకు అరగ్రాము నుంచి గ్రాము దాకా, కచ్చాపచ్చాగా దంచి, కాచడం ముగిసే ఐదు నిమిషాల ముందు వేస్తే సరిపోతుంది. మోతాదు దాటినా, పాత ధనియాలు వాడినా సబ్బు వాసన వస్తుంది. మనవాళ్లయితే చారుపొడి కలిపారా అంటారు, ఆ మాటా నిజమే.

తప్పుల వాసనలు గుర్తుపట్టడానికి కోర్సులు అక్కర్లేదు, వంటింటి జ్ఞాపకం చాలు. వెన్న, బటర్ పాప్‌కార్న్ వాసన, నాలుక మీద జిడ్డు ఉంటే అది డయాసిటిల్, పులిసేటప్పుడు పుట్టే పదార్థం. బీరును ఈస్ట్ మీద ఇంకో రెండు రోజులు ఉంచి ఉంటే ఈస్టే దాన్ని తినేసేది. శుక్రవారం రద్దీకి అందించాలని బుధవారమే చల్లబరిచేస్తే ఇలా అవుతుంది. పచ్చి ఆపిల్ కొరికినట్టుంటే అదీ తొందరపాటే. ఉడికిన మొక్కజొన్న, క్యాబేజీ వాసన వస్తే కాచేటప్పుడు ఆవిరి సరిగ్గా పోలేదనో, కాచాక చల్లార్చడం ఆలస్యమైందనో అర్థం. లేత రంగు మాల్ట్‌తో చేసే బీర్లలోనే ఇది ఎక్కువ. పులిసిన మజ్జిగ పులుపు, దాంతోపాటు వెన్న కలిసి వస్తే బ్యాక్టీరియా చేరింది. ఎక్కడ చేరిందో కనిపెట్టడానికి ఒక ఉపాయం ఉంది. వేరే బీరు ఇంకొకటి చిన్న గ్లాసులో తెప్పించండి. రెండింటిలోనూ అదే పులుపు ఉంటే పైపులూ ట్యాపులూ సరిగ్గా కడగడం లేదు. ఒక్కదాంట్లోనే ఉంటే ఆ బ్యాచ్ పోయినట్టు, లేదా ఆ ఒక్క ట్యాపు.

పైపుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బ్రూవర్ ఎంత గొప్పవాడైనా బీరు చివరి పదిహేను మీటర్లలో చెడొచ్చు. బీరు పైపులను రెండు వారాలకొకసారి కాస్టిక్ ద్రావణంతో కడగాలి, కొన్ని నెలలకొకసారి యాసిడ్‌తో, లోపల పేరుకున్న రాయిలాంటి గార పోవడానికి. ట్యాపు మూతిని రోజూ రాత్రి విప్పి కడగాలి. దోమలాంటి చిన్న ఈగలు ట్యాపుల చుట్టూ తిరుగుతుంటే కడగడం లేదని చూడకుండానే చెప్పొచ్చు. ఇంకొకటి, రోజులో మొదటి గ్లాసు. 10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పైపులో మీటరుకు దాదాపు 78 ఎంఎల్ బీరు నిలుస్తుంది. పదిహేను మీటర్లంటే లీటరు మీద కొంచెం. మధ్యాహ్నం తలుపులు తెరవగానే మీరు వెళ్తే రాత్రంతా పైపులో పడుకున్న ఆ లీటరే మీ మొదటి రెండు గ్లాసులు. మంచి చోట దాన్ని ముందే పారబోస్తారు. పారబోశారా అని నవ్వుతూ అడగండి.

ఇక చల్లదనం. ఫ్రీజర్ మగ్గులో పోసిన బీరు సున్నా దగ్గరికి దిగుతుంది, మగ్గు గోడకంటిన మంచు కరిగి కలుస్తుంది, గరుకు మంచు మీద గ్యాస్ ఒక్కసారిగా పొంగిపోయి బీరు చప్పబడుతుంది. అంత ఖర్చూ మట్టి. "మామూలు గ్లాసు ఇవ్వండి, చల్లనీళ్లతో కడిగి" అంటే చాలు. లాగర్‌కి, అంటే కింగ్‌ఫిషర్ లాంటి బీరుకు, 4–6 డిగ్రీలు, వీట్ బీరుకు 6–8, ఐపీఏకి 7–10, స్టౌట్‌కి 10–13. హైదరాబాద్ ఏప్రిల్‌లో డాబా మీద కూర్చుంటే బీరు తనంతట తానే వేడెక్కుతుంది కాబట్టి అరలీటరు కంటే 330 ఎంఎల్ తెలివైన కొలత. స్టౌట్‌ని మాత్రం చల్లగా వచ్చినా ఐదు నిమిషాలు వదిలేయండి. కాఫీ, మాడిన బ్రెడ్డు వాసనలు ఆ తర్వాతే బయటికొస్తాయి.

నురుగు కోసం కూడా వాదిస్తాను. గ్లాసు అంచు దాకా బీరే ఉండాలని పట్టుబడితే పోసేవాడు గ్లాసు వంచి, పక్కగా, మెల్లగా నింపేస్తాడు. గ్యాస్ అంతా బీరులోనే ఉండిపోతుంది, తర్వాత అది ఉబ్బేది మీ కడుపులో. మొదట 45 డిగ్రీలు వంచి సగం, తర్వాత నిటారుగా పెట్టి మిగతాది పోస్తే రెండు మూడు సెంటీమీటర్ల నురుగు నిలుస్తుంది. వాసనను పట్టి ఉంచేది అదే. వీట్ బీరుకు ఇంకాస్త ఎక్కువే ఉండాలి. అయితే నురుగు పేరుతో కొలత తగ్గించడం మోసమే, గీత ఉన్న గ్లాసులో గీత దాకా బీరు రావాల్సిందే. నురుగు వచ్చీ రాగానే మాయమైతే గ్లాసుకు నూనె అంటుకుని ఉంటుంది. గ్లాసు లోపలి గోడకు బుడగలు అతుక్కుని కనిపించినా అంతే. మిర్చి బజ్జీ తిన్న పెదవులు కూడా ఆ పని చేస్తాయి, దానికి బ్రూవరీని తిట్టకండి.

'లోకల్' అనే మాటను బ్రూపబ్‌ల మెనూలు ధారాళంగా వాడతాయి. అందులో ఎంత లోకల్? బార్లీ రాజస్థాన్, హర్యానాల్లో పండుతుంది, స్పెషల్ మాల్ట్‌లు ఎక్కువగా జర్మనీ నుంచో బెల్జియం నుంచో వస్తాయి. హాప్స్ పందిరి పాకి పూత పూయాలంటే ఎండాకాలంలో పొడవాటి పగళ్లు కావాలి, 35 నుంచి 55 అక్షాంశాల మధ్యే బాగా పండుతుంది. మన 17వ అక్షాంశంలో ఆశ పెట్టుకోనక్కర్లేదు. దక్కన్ బోరు నీళ్లు కాస్త గట్టివి, వాటిలోని బైకార్బనేట్లు మాష్ (వేడినీళ్లలో కలిపిన మాల్ట్ ముద్ద) పీహెచ్‌ను 5.2–5.6 దాటించి పొట్టులోంచి వగరు లాగుతాయి. అందుకని ఆర్వోలో పట్టి, ఉన్న లవణాలన్నీ తీసేసి, మళ్లీ తూకం వేసి కలుపుతారు. కాల్షియం 50 నుంచి 100 పీపీఎం ఉండేలా చూసుకుని, వీట్ బీరుకైతే కాల్షియం క్లోరైడ్ వైపు మొగ్గుతారు, నోటికి నిండుగా ఉంటుంది. ఐపీఏకి జిప్సం, చేదు పదునుగా తెలుస్తుంది. అంటే మ్యూనిక్ నీళ్లయినా కాలిఫోర్నియా నీళ్లయినా మాదాపూర్‌లో తయారవుతాయి. నాకు ఇందులో తప్పేం కనపడదు. బీరులో నిజంగా లోకల్‌గా ఉండాల్సింది తేదీ.

స్థానిక దినుసుతో తెలివైన పని చెయ్యాలంటే బియ్యం ఉంది. పచ్చి బియ్యాన్ని నేరుగా మాష్‌లో వేస్తే పనిచెయ్యదు. దాని పిండి మెత్తబడాలంటే 70 డిగ్రీలు దాటాలి, ఆ వేడికి మాల్ట్ ఎంజైములు చచ్చిపోతుంటాయి. వేరే గిన్నెలో జావలా ఉడికించి కలపాలి. అటుకులైతే ఆ బాధ లేదు. ముందే ఉడికి నలిగాయి కాబట్టి పిండితోపాటే వేసేయొచ్చు. మొత్తంలో 15, 20 శాతం అటుకులు పడితే బీరు లేత రంగులో, గొంతులో తేలిగ్గా, తీపి మిగలకుండా ముగుస్తుంది. మన వేడికి అంతకంటే తగిన బీరు లేదు.

మామిడి బీరు దగ్గర నాకంత సానుభూతి లేదు. మామిడిలో చక్కెరను ఈస్ట్ తినేస్తుంది, తీపి పోయి, కొంచెం పులుపూ టెంక దగ్గరి పీచు వాసనా మిగులుతాయి. మీ గ్లాసులో తియ్యటి మామిడి రసం రుచి వస్తోందంటే పులియడం అయ్యాక గుజ్జో సిరప్పో కలిపారన్న మాట. ఆ గుజ్జు చాలావరకు చిత్తూరు ఫ్యాక్టరీల తోతాపురి, అదే మన కలెక్టర్ కాయ. సర్వింగ్ ట్యాంకులో ఈస్ట్ మిగిలి ఉండి చల్లదనం తప్పితే ఆ చక్కెర మళ్లీ పులుస్తుంది, పోసినప్పుడల్లా గ్లాసు నిండా నురుగే వస్తుంది. చేస్తే పులిసే మధ్యలోనే, మూడోరోజో నాలుగోరోజో గుజ్జు వేసి, పులియడం పూర్తయ్యేదాకా ఆగాలి. అప్పుడొచ్చేది మామిడి నీడ ఉన్న వీట్ బీరు. జ్యూస్ కావాలనుకున్నవాళ్లకు నచ్చదు, అందుకే ఎక్కువమంది అలా చెయ్యరు.

నంజుకోవడానికి ఏం తెప్పించాలన్నది అందరూ తేలిగ్గా తీసుకుంటారు. అపోలో ఫిష్‌తో ఐపీఏ తాగడం నోటికి శిక్ష. చేదు, గ్యాస్, ఆల్కహాల్ మూడూ మిరపకాయ మంటను పెంచేవే. 60 ఐబీయూ చేదు మీద గుంటూరు కారం పడితే రెండింటి రుచీ తెలియదు. కారం ఉన్నచోట వీట్ బీరు, లేదంటే కారమెల్ తీపి కాస్త ఉండే అంబర్ బీరు. బిర్యానీతో హెఫెవైజెన్ కుదిరినంత బాగా ఏదీ కుదరదు, దాంట్లో లవంగం దీంట్లోనూ ఉంది. ఐపీఏకి ఉప్పు, కొవ్వు కావాలి: వేయించిన పల్లీలు, చీజ్, కారం లేని ఫ్రైస్. స్టౌట్‌కి కబాబ్ మాడిన అంచులు.

నాలుగైదు రకాలు చిన్న గ్లాసుల్లో తెప్పిస్తే తేలిక నుంచి బరువుకు వెళ్లండి. ఐపీఏ తాగిన నాలుకకు వీట్ బీరు నీళ్లలా ఉంటుంది. కారు తాళాలు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లాలి. రక్తంలో 100 ఎంఎల్‌కి 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, ఆ గీత దాటడానికి ఐదు శాతం అరలీటరు గ్లాసు ఒక్కటి కూడా చాలొచ్చు.

బ్రూవరీ మీద ఇంకాస్త గురి కుదిరాక పిల్స్‌నర్ అనే లేతరంగు లాగర్ వైపు చూడండి. లాగర్ ఈస్ట్ 9–13 డిగ్రీల్లో నింపాదిగా పులుస్తుంది, చివర్లో డయాసిటిల్ పోవడానికి రెండు మూడు రోజులు 15, 16 దాకా వేడెక్కనిచ్చి, ఆపై సున్నా దగ్గర వారాల తరబడి పడుకోబెట్టాలి. మొత్తం ఐదారు వారాలు. అదే ట్యాంకులో ఆ సమయానికి రెండు మూడు బ్యాచ్‌ల వీట్ బీరు చేసి అమ్ముకోవచ్చు. అంత ట్యాంకు కాలాన్ని వదులుకున్నా, రుచి తెలియనివాళ్లు దాన్ని "కింగ్‌ఫిషర్‌లానే ఉందిగా" అంటారు. అందుకే కొన్నిచోట్ల లాగర్ అని రాసి, వీట్ బీరు, ఐపీఏల్లో వాడే ఏల్ ఈస్ట్‌తోనే చల్లగా పులియబెట్టిన లేతరంగు బీరు పోస్తారు. తాగడానికి బాగుండొచ్చు, కానీ లాగర్ కాదు. పండు వాసన లేకుండా, బ్రెడ్డు లాంటి మాల్ట్, గడ్డి లాంటి హాప్స్ వాసన, చివర్లో శుభ్రంగా తెగిపోయే చేదు ఉంటే అసలుది దొరికినట్టే. దొరికితే అదే తెప్పించండి, పక్క టేబుల్‌కీ చెప్పండి. అమ్ముడుపోకపోతే వచ్చే నెల ఆ ట్యాంకులో మామిడి గుజ్జు పోస్తారు.